రాగిగీతల సారు

సారు పోయిన సంగతి నాకు పెనుకొండ బస్టాండులో తెలిసింది. హిందూపురం బస్సు కోసం నిలబడి ఉంటే, తల నెరిసిన మనిషి ఒకాయన దగ్గరికి వచ్చి, "మీరు హిందూపురం షెడ్డులో పనిచేసినామె కదా?" అని అడిగాడు. అరవైల్లో సారు దగ్గర లెక్కలు చదువుకున్నానని చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, "సారు పోయినారు కదమ్మా, పోయిన నెల. అనంతపురం ఆసుపత్రిలో" అన్నాడు.

అతనే చెప్పుకుపోయాడు. చివరి రోజుల్లో కూడా సారు ఊరికే పడుకోలేదట. సూది వేయడానికి వచ్చిన నర్సును ఆపి, "ఈ వార్డులో ఇన్ని మంచాలుండాయి. నువ్వు ఏ మంచం కాడ మొదలుపెట్టి యాడ ముగిస్తావమ్మా? ఆ వరస ఎట్ల పుట్టింది?" అని అడిగారట. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "తెలీదు తాతా" అందట.

"దానికి సారు ఏమన్నారో చెప్పండి చూద్దాం" అన్నాడతను.

"బాగుండాది, అన్నారు" అన్నాను.

అతను నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు. ఇంతలో నా బస్సు వచ్చింది.

ఎవరైనా తెలీదు అంటే సారు మొహం వెలిగిపోయేది. నేను చదువుకున్న బడుల్లో తెలీదంటే బెత్తం లేచేది. ఈయన మాత్రం "తెలీదా? బాగుండాది" అని చేతులు రుద్దుకుని, కుర్చీ ఇంకొంచెం దగ్గరికి లాక్కునేవారు. ఆ మాటలో వెటకారం లేదు. పక్కింట్లో పెళ్లికి పిలుపు వచ్చినంత సంతోషం ఉండేది.

పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి, కిందపడ్డదేదో వెతుకుతున్నట్టు నడిచేవారు. చొక్కా జేబు చుట్టూ ఎప్పుడూ సుద్దపొడి. కాపురం పెనుకొండలో, ఉద్యోగం హిందూపురం కాలేజీలో. రోజూ పాసింజరు బండిలో వచ్చి పోయేవారు. స్టేషన్ నుంచి కాలేజీకి తిన్నగా ఒక రోడ్డు ఉన్నా, ఒకరోజు పోయిన సందులో ఇంకోరోజు పోయేవారు కాదు. సోడా అంగడాయన ఒకసారి, "ఏం సార్, దావ తప్పినారా?" అని అడిగితే, "తప్పలేదప్పా. ఇంకో దావ ఉండాదేమోనని చూస్తాండా" అన్నారట. ఊరంతా ఆ మాట చెప్పుకుని నవ్వుకుంది. హోటల్లో ఇడ్లీలు తెచ్చే మనిషిని కూడా వదిలేవారు కాదు. నాలుగు బల్లల నుంచి నలుగురు పిలిస్తే ముందు ఎవరి దగ్గరికి పోతావని అడిగితే, "ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల కాడికే సార్, ఇంకేముంది" అన్నాడట అతను. సారు ఆ జవాబు మా అందరికీ చెప్పి, "ఇది కూడా ఒక పద్ధతే, తీసిపారేయొద్దు" అన్నారు.

నేను ఆయన్ని మొదట చూసింది హిందూపురం ఊరి బయట ఒక రేకుల షెడ్డులో. బెంగుళూరులో ఇంజనీరుగా పనిచేసి వచ్చిన ఒకాయన ఆ షెడ్డు పెట్టాడు. మేమంతా ఆయన్ని ఓనరు అనేవాళ్లం. రేడియోల్లో, టెలిఫోన్ పరికరాల్లో ఉండే సర్క్యూట్ బోర్డులు అక్కడ తయారయ్యేవి. డ్రాయింగు పరీక్ష పాసైన మనిషి కావాలంటున్నారని విని మా నాయన నన్ను తీసుకుపోయి చేర్చాడు. మాది హిందూపురానికి దగ్గరలో మెట్ట ఊరు. వాన పడితే వేరుశనగ, రాగులు. పడకపోతే ఏమీ లేదు. డ్రాయింగు టీచరు ఉద్యోగం వచ్చేలోపు ఏదో ఒకటి చేసుకుంటుందిలే అనుకున్నాడు నాయన.

నా పనేమిటో కొంచెం చెప్పాలి. ఒక బోర్డు మీద ట్రాన్సిస్టర్ల లాంటి చిన్న చిన్న సామాన్లు ఉంటాయి. ఒక్కోదానికి రెండో మూడో కాళ్లు. ఏ కాలు ఏ కాలితో కలవాలో ఓనరు కాగితం మీద రాసి ఇస్తాడు. వాటిని కలిపేది తీగ కాదు, బోర్డుకు అంటుకుని ఉండే సన్నటి రాగిగీత. గీతలన్నీ ఒకే పక్కన ఉంటాయి కాబట్టి ఒకదాన్నొకటి దాటకూడదు, తాకకూడదు. తాకితే బోర్డు పాడైపోతుంది. ఏ సామాను ఎక్కడ పెట్టాలి, ఏ గీతను ఎటు తిప్పాలి అన్నది నేను తేల్చాలి. పలచటి ప్లాస్టిక్ షీటు మీద నల్లటేపును బ్లేడుతో కోసి, అసలుకు రెండింతల సైజులో అంటించాలి. దాన్ని ఫోటో తీసి, రాగి రేకు మీదికి ఎక్కించి, అక్కర్లేని రాగిని మందునీళ్లలో కరిగిస్తారు. కరగకుండా మిగిలిందే నేను వేసిన దారి.

ఆ పని నాకు ప్రాణం. గీతలు పొట్టిగా, తీరుగా, ఒకదాని పక్కన ఒకటి వరసగా పోవాలి. చూడ్డానికి వచ్చిన వాళ్లు "ఎంత ముచ్చటగా వేసినావమ్మా" అనేవాళ్లు. ఆ మాట కోసమే నేను అంటించిన టేపును పీకి మళ్లీ అంటించిన రోజులున్నాయి.

ఓనరు ఒకప్పుడు సారు శిష్యుడే. ఒక సాయంత్రం ఏదో మాటల మీద సారును షెడ్డుకు పిలుచుకొచ్చాడు. సారు అన్నీ చూసుకుంటూ వచ్చి నా బల్ల దగ్గర ఆగారు. నేను టేపు అంటిస్తున్నాను.

"ఆగమ్మా. ఇప్పుడు ఈ గీతను ఎడమకు తిప్పినావు. కుడికి యాల తిప్పలేదు?"

"అట్ల బాగుండదు సార్."

"బాగుండదంటే? పని చేయదా?"

"పని చేస్తాది."

"మల్ల?"

నేను షీటు వంక చూశాను. నిజంగానే నాకు తట్టలేదు. "తెలీదు సార్" అన్నాను.

"బాగుండాది" అని ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

ఆ రోజు నుంచి కాలేజీ వదిలాక, బండి టైము అయ్యేదాకా నా బల్ల పక్కనే ఉండేవారు. జేబులోంచి ఉడకబెట్టిన వేరుశనగ కాయలు తీసి, బోర్డు మీది సామాన్లలాగా బల్ల మీద పేర్చేవారు. ఈ కాయను ఇక్కడ పెడితే నువ్వు ఎట్ల పోతావు, ఇక్కడికి జరిపితే ఎట్ల పోతావు అని అడిగేవారు. నేను జవాబు చెప్పేలోపు ఒక కాయ ఒలిచి నోట్లో వేసుకునేవారు. "సార్, ట్రాన్సిస్టరు తినేసినారు" అంటే నాలుక కరుచుకుని ఇంకోటి పెట్టేవారు.

ఆయన కోరిక ఏమిటో నెమ్మదిగా తెలిసింది. అంతకుముందు ఎండాకాలం సెలవుల్లో బెంగుళూరులోని ఒక పరిశోధన సంస్థలో, కాలేజీ లెక్కల మాస్టర్లకు కంప్యూటర్ గురించి పాఠాలు చెప్తే, ఈయనా పోయి విన్నారట. పెద్ద గదంత మిషన్. అట్టముక్కలకు చిల్లులు పొడిచి ఇస్తే చదువుకుని లెక్క చేసి పెడుతుంది. "అది లెక్కలు చేసేది చూసి నాకేం ఆశ్చర్యం కాలేదబ్బా" అని ఓనరుతో అన్నారు. "లెక్కలు చేయనే పుట్టింది అది. ఈయమ్మ ఎడమకా కుడికా అని ఒక్క నిమిషం ఆగుతాది చూడు. ఆ ఆగడం దానికి నేర్పించగలమా అని."

మిషన్ కు నేర్పాలంటే బోర్డునంతా గళ్లుగళ్లుగా చేసి చెప్పాలట. అంత పెద్ద గళ్ల కాగితం హిందూపురంలో దొరకలేదు. ధర్మవరంలో చీరల డిజైన్లు గీసేవాళ్ల దగ్గర ఉంటాయని నేనే చెప్పాను, మా చిన్నాయన ఇల్లు ఆ వీధిలోనే. ఒక ఆదివారం నేను అక్కడికి పోయినప్పుడు సారూ వచ్చారు. డిజైను గీసే ఆయన గళ్లలో రంగులు నింపుతూ ఒక నెమలిని తయారు చేస్తున్నాడు.

"ఈ నెమలిని ఈడే యాల పెట్టినావప్పా?" అని సారు మొదలుపెట్టారు.

"కట్టుకున్నప్పుడు కుచ్చిళ్లలో నెమలి తల మడత పడకూడదు సార్. మడత పడితే ఆ చీర కొన్నామె మల్ల మా గడప తొక్కదు."

సారు ఆ మాటను నెమరేసుకుంటూ కాగితాలు చంకలో పెట్టుకుని బయటికి వచ్చారు. "చూసినావా? ఆయప్ప ఒక రూలు చెప్పినాడు. మడత పడకూడదు. నువ్వు నాకు ఇంతవరకు ఒక్క రూలన్నా చెప్పినావా? బాగుండదు, బాగుండదు అంటావు, అంతే."

పక్కింట్లో మగ్గం మీద చిల్లుల అట్టలు గొలుసులాగా వేలాడుతున్నాయి. నేను వాటిని చూపించి, "మీ మిషన్ కూడా ఇట్లాంటివే తింటాదన్నారు కదా సార్" అన్నాను. ఆయన నిలబడి చాలాసేపు చూశారు.

"తింటాది. కానీ మగ్గం చెప్పింది చెప్పినట్టు నేస్తాదమ్మా. నాకైతే, మనం చెప్పనిది కూడా గీసే మిషన్ కావల్ల."

ఆ మాట నాకు గుచ్చుకుంది. షెడ్డులో మందునీళ్ల దగ్గర పనిచేసే పెద్దాయన అప్పటికే ఎగతాళి చేస్తున్నాడు. "నీ పని నేర్చుకుపోను ఒకాయన దినామూ వస్తాండాడు, నువ్వేమో కూర్చోబెట్టి చెప్తాండావు" అని. ఆ ఏడు వానలు లేవు. ఇల్లు నా ఉద్యోగం మీదే నడుస్తోంది. టీచరు పోస్టు ఊసే లేదు. సారు వేరుశనగ కాయలు పేర్చినప్పుడల్లా నాకు నవ్వు రావడం తగ్గిపోయింది.

ఒక సాయంత్రం ఆయన మామూలుగానే, "ఈ మూల కాడ వెనక్కి తిరిగినావు, ముందే ఎట్ల పసిగట్టినావు?" అని అడిగారు. నేను బ్లేడు కింద పెట్టాను.

"సార్, నా పనంతా మీ మిషన్ కు వచ్చేస్తే నేనేం కావల్ల?"

కాయ పట్టుకున్న ఆయన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. అంతదాకా ఆ సంగతి ఆయన తలలోకే రాలేదని మొహం చూస్తే తెలిసిపోయింది.

"తెలీదమ్మా" అన్నారు.

ఈసారి బాగుండాది అనలేదు. కాయలన్నీ ఏరి జేబులో వేసుకుని, గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. మరుసటిరోజు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఆయన కూర్చునే స్టూలు మీద నేను టేపు చుట్టలు పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను.

చలికాలంలో షెడ్డుకు ఒక పెద్ద ఆర్డరు వచ్చింది. బెంగుళూరు కంపెనీ ఒకటి తయారుచేసే టెలిఫోన్ పరికరంలో పెట్టే బోర్డు. పెట్టె చిన్నది కాబట్టి బోర్డు సైజు పెంచడానికి లేదు. ఇంకో షరతు కూడా పెట్టారు. గీత కుదరని చోట పైనుంచి చిన్న తీగముక్క అతికించి దాటించడం మాకు అలవాటు. లారీల కుదుపుకు అవి ఊడిపోతున్నాయి, ఒక్క ముక్క కూడా ఉండకూడదు అన్నారు. అప్పటికే షెడ్డు ఈడుస్తూ ఉంది. ఈ ఆర్డరు పోతే తలుపు మూసేయడమేనని ఓనరు మా అందరికీ చెప్పాడు.

నేను ఎన్నిసార్లు వేసినా అన్ని గీతలూ కుదిరి ఒక్కటి మిగిలిపోయేది. పై అంచున ఉన్న కాలు నుంచి నడుమ ఉన్న కాలికి పోవాల్సిన గీత. ఎటు నుంచి పోయినా ఏదో ఒక గీత అడ్డం. టేపు పీకి పీకి షీటు గరుకెక్కింది. కలలో కూడా ఆ గీతే.

"సారును పిలుచుకుని రామ్మా" అన్నాడు ఓనరు. "నేను రెండుసార్లు పిలిచినా, రాలేదు. ఎందుకో చెప్పల్యా."

ఎందుకో నాకు తెలుసు. ఆదివారం పొద్దున్నే బండెక్కి పెనుకొండ పోయాను. కోట కింది వీధుల్లో అడిగి ఇల్లు పట్టుకున్నాను. సారు భార్య వాకిట్లో కూర్చుని వేరుశనగ కాయలు ఒలుస్తోంది. నేనెవరో చెప్పగానే చేట పక్కన పెట్టింది.

"నువ్వేనా ఆ పిల్ల? ఏం అడిగినావమ్మా ఈయప్పను? కూరగాయల అంగట్లో కూడా ఎవర్నీ ఏమీ అడగడంల్యా. బేరం చేసి గమ్మున వచ్చేస్తాండాడు. ఇన్నేళ్లలో ఎన్నడూ ఇట్ల లేడు. నాకు భయమయితాంది."

సారు లోపలి నుంచి వచ్చారు. గడ్డం పెరిగింది. నన్ను చూసి తడబడ్డారు, తప్పు చేసిన మనిషిలాగా.

"నీ మాటకు జవాబు వెతుకుతాండానమ్మా. దొరకల్యా. దొరకకుండా నీ ముందరికి ఎట్ల వచ్చేది?"

నా ఉద్యోగం గురించి నేను అడిగిన మాటను మా ఇంట్లో వాళ్లు కూడా రెండో రోజుకు మరిచిపోయారు. ఈయన దాన్ని పట్టుకుని కూర్చున్నారు.

"మీకు జవాబు దొరికేలోపు షెడ్డే మూసేస్తారు సార్" అని షీటు విప్పి నేల మీద పరిచాను. ఏ గీత కుదరడం లేదో చూపించాను. ఆయన ముందు నిలబడే చూశారు. తర్వాత కూర్చున్నారు. తర్వాత మోచేతుల మీద వంగారు.

"దీనికి దావ లేదంటావు."

"లేదు సార్."

"లేదా, నీకు దొరకలేదా?"

నాకు ఒళ్లు మండింది. "రెండూ ఒకటే కదా సార్" అన్నాను.

"కాదు. కాదమ్మా" అని ఆయన తల ఎత్తారు. కళ్లలో పాత వెలుగు వచ్చేసింది. "ఆ రెండిటికీ నడుమ ఎంత దూరం ఉండాదో, అదే మనం చూడల్ల."

మిషన్ పని చాలావరకు అప్పటికే అయిపోయి ఉందట. మిషన్ కు ఇవ్వాల్సిన సూచనలన్నీ ఆయన నేను ప్రశ్న అడగకముందే రాసి పెట్టుకున్నారు. కానీ ఒక మాట కచ్చితంగా చెప్పారు. "నేను బెంగుళూరు పోతా. నువ్వూ రావల్ల. అది ఏం నేర్చుకుంటాదో నువ్వూ అది నేర్చుకోవల్ల. నువ్వు రాకుంటే నేనూ పోను."

"నేనూ వస్తా" అంది ఆయన భార్య వెంటనే. "పెండ్లి కాని పిల్లను వాళ్ల నాయన ఊరికే పంపుతాడా?"

నాయనను అడగడానికి సారు మా ఊరికి వచ్చారు. అరుగు మీద కూర్చోబెట్టి, ఇంతకీ ఆ మిషన్ ఏం చేస్తుందని నాయన అడిగాడు. సారు ఇంటి ముందున్న ఆకుకూరల మడిని చూపించారు.

"ఈ మూల నీళ్లు వదిలితే ఏమయితాది? సందు ఉన్న పక్కకంతా పోతాది. గట్టు ఉన్న కాడ ఆగుతాది. ఆ మూలకు ఏ దావలో ముందు చేరుతాదో, అదే దగ్గర దావ. మిషన్ గూడా అంతేనప్పా. గళ్లలో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసుకుంటా అన్ని పక్కలకూ పోతాది. చేరినాక అంకెలు పట్టుకుని వెనక్కి వస్తాది."

నాయన చుట్ట వెలిగించుకుని ఆలోచించాడు. "ఒక్క మూలకు చేరను మడంతా తడపల్లనా? నీళ్లు దండగ కదా సార్?"

సారు అరుగు మీద నుంచి లేచి నిలబడ్డారు. "దండగే! అదే నా తలనొప్పి. దండగ కాకుండా చేసేది ఎట్లనో నాకు తెలీదు."

"ఈయప్ప తెలీనిది తెలీదనే చెప్తాండాడు" అని నాయన నాతో అన్నాడు, ఆయన వెళ్లిపోయాక. "పోయి రాపో."

బెంగుళూరులో ముగ్గురం సారు భార్య చెల్లెలి ఇంట్లో దిగాం. మిషన్ ఉన్న గదిలోకి మమ్మల్ని రానివ్వలేదు. బయట ఒక కిటికీ, కిటికీ అవతల ఒక ఆపరేటరు. అట్టలు ఇస్తే తీసుకుంటాడు, పని అయ్యాక పిలుస్తాడు. పక్క గదిలో టైపు మిషన్ లాంటిది ఉంది. అక్షరం నొక్కితే అట్టకు చిల్లు పడుతుంది. సారు నన్ను దాని ముందు కూర్చోబెట్టారు. ఒక్కో గీతకు ఒక్కో అట్ట. ఏ గడి నుంచి ఏ గడికి అన్నది నేనే పొడిచాను. తప్పు పడిన అట్టలను సారు భార్య ఏరి, వెనక పక్క ఇంటి సామాన్ల పట్టీ రాసుకోవడానికి దాచిపెట్టుకుంది.

మధ్యాహ్నం కాగితం వచ్చింది. మడతలు మడతలుగా పొడుగాటి కాగితం, దాని నిండా చుక్కలు, అక్షరాలు. సారు దాన్ని వరండాలో పరిచారు. ఒకే అక్షరం వరసగా పోతూ ఉంటే అది ఒక గీత. నేను వేలితో ఒక్కోదాన్నే వెంబడించుకుంటూ పోయాను. అన్నీ కుదిరాయి. ఒక్కటి మినహా. పై అంచు నుంచి నడిమికి పోవాల్సిన గీతే.

"చూడు, చూడు! దానికీ దొరకలేదు. నువ్వు చెప్పింది నిజమే" అని సారు ఎగిరి గంతేసినంత పని చేశారు.

నాకు ఏడుపొచ్చింది. "సంతోషపడతారేం సార్? షెడ్డు మూసేస్తారు."

ఆయన చప్పబడిపోయారు. సారు భార్య టిఫిన్ గిన్నె విప్పి మా ఇద్దరి చేతుల్లో చెరొక రొట్టె పెట్టి, "ముందు తినండి" అంది. తింటూ ఆ కాగితాన్నే చూస్తున్నాను. ఏ గీతను ముందు వేశారో ఆ వరస కూడా అందులో ఉంది. పొట్టి గీతలు ముందు, పొడుగువి తర్వాత. నేను కూడా అట్లాగే వేస్తాను, పొట్టివి సులువు కాబట్టి.

"సార్, ముందు పోయిన గీతకు అంతా ఖాళీనే. చివర పోయేదానికే అన్నీ అడ్డం. ఈ గీతనే అన్నిటికంటే ముందు పంపితే?"

ఆయన నమలడం ఆపేశారు. "పొట్టివి ముందు అని నేను యాల పెట్టినా?" అని తనను తానే అడిగారు. "యాల పెట్టినానో నాకే తెలీదు. అందరూ అట్లనే చేస్తారని పెట్టినా."

అట్టల కట్టలో అడుగున ఉన్న ఆ అట్టను నేనే తీసి, గీతలన్నిటికంటే ముందు పెట్టాను. మరుసటిరోజు మిషన్ ఖాళీ అయ్యాక మళ్లీ ఇచ్చాం. ఈసారి వచ్చిన కాగితం మీద అన్ని గీతలూ ఉన్నాయి. నేను రెండుసార్లు, సారు రెండుసార్లు, నమ్మకం లేక సారు భార్య ఒకసారి వేలితో వెంబడించాం. అన్నీ చేరాయి.

కానీ ఎంత వికారంగా ఉందో! కరెంటు తెచ్చే గీతను నేనెప్పుడూ తిన్నగా వేసేదాన్ని. మిషన్ దాన్ని బోర్డు అంచు పట్టుకుని చుట్టంతా తిప్పి, ఎవరూ పోనివ్వని రెండు కాళ్ల నడిమి సందులోంచి దూర్చి, వెనక నుంచి తెచ్చి కలిపింది. హిందూపురం నుంచి పెనుకొండకు కదిరి మీదుగా పోయినట్టు.

"ఇట్ల ఎవరన్నా వేస్తారా సార్? నలుగురూ చూసి నవ్వరా?"

"నువ్వు నలుగురు చూస్తారని వేస్తావమ్మా" అన్నారు సారు. "దానికి నలుగురూ లేరు."

తిరిగి వచ్చేటప్పుడు బండిలో ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. గౌరిబిదనూరు దాటాక నా వైపు తిరిగారు. "నీ మాటకు జవాబు ఇంగా దొరకలేదు. నీ పని యాడికీ పోదు అని చెప్తే అది అబద్ధం. పోవచ్చు. పోయేనాటికి ఆ మిషన్ ముందర కూర్చునేది నువ్వే అయితే బాగుంటాదని మాత్రం అనుకుంటాండా. ఇంతకంటే నాకు తెలీదు."

ఆ మాటలో ఓదార్పు లేదు. అయినా నాకు ధైర్యం వచ్చింది. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

కాగితం మీద ఉన్నది ఉన్నట్టు టేపు అంటించాను, పళ్లు కొరుక్కుంటూ. మొదటి బోర్డు తయారై, పరికరంలో పెట్టి మీట నొక్కితే గుయ్యిమని మోత. చుట్టూ తిరిగి వచ్చిన గీతదే ఆ మోత. ఓనరు మొహం పాలిపోయింది. నేను ఆ గీతను ఒకచోట వెడల్పు చేసి, దాని పక్కనున్న సామానును కొంచెం జరిపాను. రెండో బోర్డు నిశ్శబ్దంగా పనిచేసింది. అటువైపు నుంచి హలో అని మనిషి గొంతు స్పష్టంగా వినబడితే మందునీళ్ల పెద్దాయన చప్పట్లు కొట్టాడు. సారు మాత్రం, "ఏ సామాను జరిపినావు? ఎంత జరిపినావు? అది మిషన్ కు ఎట్ల చెప్పేది?" అని నా చెయ్యి వదల్లేదు. ఆర్డరు నిలబడింది. షెడ్డు నిలబడింది.

ఆ ఏడంతా ఆయన నాకు మిషన్ కు చెప్పే భాష నేర్పారు. నేర్పడమంటే పాఠం కాదు. ఒక చోట తప్పు పెట్టి, "కనుక్కో" అని వేరుశనగ కాయలు తింటూ కూర్చునేవారు. కొన్నిసార్లు ఆయన పెట్టని తప్పు దొరికేది. అప్పుడు ఇద్దరం కలిసి తల పట్టుకునేవాళ్లం. దండగ నీళ్ల సమస్య తీరలేదు. సామాన్లు ఎక్కడ పెట్టాలన్నది మిషన్ కు చెప్పడం ఆయన వల్ల కాలేదు. దాని మీద ఎన్ని దినాలు కూర్చున్నారో.

తర్వాతి ఎండాకాలం ఆయనకు శ్రీకాకుళం వైపు బదిలీ వచ్చింది. అక్కడి నుంచి బెంగుళూరుకు ఒక రాత్రి ప్రయాణం చాలదు. సామాన్లు సర్దుకుని పోయేరోజు హిందూపురం వచ్చి, షెడ్డులో అందరి చేతులూ పట్టుకున్నారు. నాకు జాగ్రత్తలు చెప్పలేదు, మెచ్చుకోలేదు. నా బల్ల మీదున్న కొత్త బోర్డును చూసి, "ఇది కుదురుతాదా?" అన్నారు. తెలీదన్నాను. ఆయన నవ్వలేకపోయారు. గొడుగు తీసుకుని గబగబా బయటికి నడిచారు.

ఆ బోర్డు కోసం నేను బెంగుళూరుకు ఒంటరిగా పోవాల్సి వచ్చింది. నాయన వస్తానన్నాడు, వద్దన్నాను. అట్టలన్నీ పొడిచి, వరస సరిచూసుకుని, రబ్బరుబ్యాండు వేసి కిటికీ దగ్గరికి పోయాను. పాత ఆపరేటరు బదిలీ అయ్యాడేమో, కొత్తాయన కూర్చున్నాడు. సగం కన్నడం, సగం తెలుగు. కట్ట తీసుకుని, రిజిస్టరు విప్పి, పెన్ను మూత తీశాడు.

"ఈ ప్రోగ్రాము యారదమ్మా? మీ సార్దా?"

అవునని చెప్పబోయాను. ఆ అట్టల్లో మొదటి సగం ఆయన నా ఎదుట కూర్చుని, కొట్టేసి, మళ్లీ రాసిన సూచనలు. మిగతా సగం నేను వెతికి పట్టిన తప్పులు, నేను మార్చిన వరస. ఎక్కడ ఆయనది ఆగిపోయి నాది మొదలవుతుందో నాకే తెలియదు.

"చెప్పండమ్మా, యార పేరు రాయల్ల?"

"మాది" అన్నాను.

ఆయన అదే రాసుకుని, కట్ట చంకలో పెట్టుకుని లోపలికి పోయాడు. కాసేపటికి అట్టలు ఒకదాని వెంట ఒకటి లోపలికి పోతున్న చప్పుడు కిటికీ దాకా వినిపించింది.